నిమిషంలో విడాకులు

"ఇంకా తిరుగుతూనే ఉంది సార్," అంది బురుల్, కంప్యూటర్ తెర మీది చక్రాన్ని చూస్తూ.

"పదకొండింటికల్లా ఆగాలి," అన్నాడు కాసిమ్‌బెక్. కారాతోర్ పెళ్లిళ్ల రిజిస్ట్రారు ఆఫీసుకి ఆయన కొత్తగా వచ్చిన అధికారి. "పై ఆఫీసు పెద్దలు కెమెరాతో వస్తున్నారు. మా దగ్గర విడాకులు నిమిషంలో అయిపోతాయని మాటిచ్చాను."

ఆ నిమిషం మొదలై అప్పటికి గంట దాటింది. విడాకులకి వచ్చిన దోరోన్‌బెక్, అనార్‌కుల్ చెరో కుర్చీలో చెరో గోడని చూస్తూ కూర్చున్నారు. పాలిచ్చే గుర్రాన్ని తనతో మాటైనా అనకుండా అమ్మేశాడని ఆవిడ కోపం. అమ్మినప్పటినుంచీ అన్నం పెడుతుంది గానీ పలకదని ఆయన కోపం.

కంప్యూటర్లు బాగుచేసే తిలెక్ వచ్చి బురుల్ కుర్చీలో కూర్చున్నాడు. నాలుగు మీటలు నొక్కి, నాలుక చప్పరించాడు.

"అక్కా, దీన్ని కడుపు పగిలేలా మేపారు. మెమరీ నిండా నిండిపోయింది. ఇంక మీ పని ఎక్కడ పెట్టుకుంటుంది పాపం?"

"నేనేం మేపాను తమ్ముడూ? పొద్దున ఆన్ చేస్తాను, సాయంత్రం ఆపుతాను."

"మధ్యలో ఏం చేస్తారో ఇక్కడుంది చూడండి. నాలుగూళ్ల వాతావరణం. తెరిచి మూయని పేజీలు బోలెడు. కర్టెన్ గుడ్డలు, ఊరగాయలు, ఏదో సీరియల్..."

"ఆ సీరియల్ ఉండనీ," అంది బురుల్ మెల్లిగా.

తిలెక్ ఒక్కోటీ మూసుకుంటూ పోయాడు. సీరియల్ కూడా పోయింది. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఇదిగో, అసలు దొంగ దొరికాడు. సగం మెమరీ ఇదొక్కటే మింగుతోంది. తెర మీద ఆడే స్వాగతం వీడియో, పేరు ‘మెరుపు సేవ’ అట. ఎవడిదో మొహం నవ్వుతూ వస్తుంది, వెనక గుర్రాల మంద పరిగెడుతుంది. ఏ పనిలేనివాడు పెట్టాడో గానీ..."

బురుల్ దగ్గింది. తిలెక్ వెనక్కి తిరిగాడు. ఆ మొహమే అక్కడ నిలబడి ఉంది. నవ్వడం మాత్రం లేదు.

"చాలా బాగుంది సార్," అన్నాడు తిలెక్. "గుర్రాలైతే మరీను."

"గుర్రాల్ని తీసెయ్," అన్నాడు కాసిమ్‌బెక్. "నేను ఉంటాను."

గుర్రాలు పోయాయి. చక్రం ఆగలేదు.

"నేను నవ్వడం మానేస్తే?"

"కదలకుండా కూర్చున్నా మెమరీ తింటారు సార్."

కాసిమ్‌బెక్ చేతి గడియారం చూసుకున్నాడు. "సరే, తీసెయ్. పెద్దలు వెళ్లగానే మళ్లీ పెట్టు," అని అతిథులకి ఎదురెళ్లడానికి బయటికి నడిచాడు.

బురుల్ రెండు గిన్నెల్లో టీ పోసి, రొట్టె విరిచి ఆ జంట మధ్య పెట్టింది. తిరిగొచ్చి తిలెక్ చెవి దగ్గర వంగింది. "మరీ తొందరపడకు తమ్ముడూ. ఇది మొరాయించిన ప్రతిసారీ ఏదో ఒక కాపురం నిలబడుతోంది."

టీ చల్లారుతుండగా దోరోన్‌బెక్ గోడతో అన్నాడు. "ఆవుకి నీళ్లు పెట్టావా?"

"నేను ముందు బయల్దేరాను కదా. నువ్వు పెట్టలేదా?"

"నువ్వు పెట్టుంటావనుకున్నా."

"ఈనబోయే ఆవుని గాలికొదిలేసి వచ్చావా?"

"నువ్వు మాత్రం?"

ఇద్దరూ గోడల్ని వదిలి ఒకరి వైపొకరు తిరిగారు.

"నిన్ననే పొదుగు బిగిసింది," అంది అనార్‌కుల్. "తొలిచూలు. దూడ అడ్డం తిరిగితే పట్టుకోడానికి ఇద్దరు కావాలి."

ఆవిడ లేచింది. ఆయన అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు.

"దూడ పుట్టాక వస్తాంలే అక్కా," అంది అనార్‌కుల్. మొగుడు కుర్చీలో మరిచిపోయిన టోపీ తీసుకుని, ఆయన వెనకే పరిగెత్తింది.

వాళ్లు గేటు దాటారో లేదో, చక్రం ఆగింది. బురుల్ మీట నొక్కడమే ఆలస్యం, విడాకుల పత్రం తెర మీదికి దూకింది.

కాసిమ్‌బెక్ లోపలికొచ్చాడు. "బండ్లు వంతెన దాటాయట. అయిందా?"

"అయింది సార్. మెరుపే," అన్నాడు తిలెక్.

"మరి జంటేది?"

"వెళ్లిపోయారు సార్," అంది బురుల్.

"విడాకులు తీసుకునా?"

"కలిసిపోయి."

కాసిమ్‌బెక్ కుర్చీలో కూలబడ్డాడు. "ఎవరు కలవనిచ్చారు వాళ్లని?"

"పోనీ, పుట్టుక నమోదు చూపిద్దాం సార్," అంది బురుల్.

"పుట్టుకలు పక్క జిల్లావాడు చూపించేశాడు. నేను విడాకులని చెప్పానమ్మా, విడాకులని."

ఆయన లేచి, కాగితాల కోసం జనం బారులు తీరిన వసారాలోకి వెళ్లాడు. "విడాకులు ఎవరికైనా కావాలా? లైనుతో పనిలేదు."

ఎవరూ కదల్లేదు. తెల్లగౌనులో ఉన్న అమ్మాయీ, పక్కన పువ్వులు పట్టుకున్న కుర్రాడూ ఆయన కంట పడ్డారు.

"మీకు?"

"మేం పెళ్లికొచ్చాం సార్."

"పోనీ ముందు అది చేసేసి, వెంటనే..."

బురుల్ ఆయన చొక్కా చెయ్యి పట్టుకు లాగింది. బయట బండ్లు ఆగిన చప్పుడు. తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు.

"నాకు విడాకులు కావాలి," అన్నాడు కాసిమ్‌బెక్. "ఇప్పుడే, ఈ నిమిషంలోనే కావాలి. ఎవరిస్తారు నాకు?"

వసారా చివర జనం పక్కకి జరిగారు. అతిథులకి పెట్టమని ఆయన పురమాయిస్తే పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉండి వేయించిన రొట్టెల పళ్లెంతో ఆయన భార్య నడిచొచ్చింది. పళ్లెం బురుల్ చేతిలో పెట్టి, పిండి చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది.

"నేనిస్తాను. సంతకం ఎక్కడ పెట్టాలి?"