బాగుపడకూడని కారు

"కారు కొత్తదానిలా మెరవాలి తమ్ముడూ. కానీ స్టార్టవకూడదు," అంది ఆమె.

చేతులు తుడుచుకుంటున్న మెకానిక్ గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఆ షెడ్డుకి వచ్చినవాళ్లెవరూ ఇప్పటిదాకా అలాంటి బేరం పెట్టలేదు.

"స్టార్టవని కారుకి రంగెందుకక్కా?"

"నాన్నకి అదంటే ప్రాణం. దాన్ని చూసుకోవాలి, అందులో కూర్చోవాలి. నడపకూడదు, అంతే." ఆమె గొంతు తగ్గించింది. "కళ్లు బాగా మందగించాయి. మొన్న మా గేటు దగ్గర సైకిల్ మీద వస్తున్న పిల్లని చూసుకోలేదు. వెంట్రుకవాసిలో తప్పింది."

"ఆ మాట ఆయనతోనే చెప్పొచ్చుగా?"

"ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన నన్ను దేనికీ వద్దనలేదు. ఇప్పుడు నేను ఆయన్ని వద్దనాలంటే..." మిగతా మాట మింగేసింది. "ఇంజన్ పోయిందని నువ్వు చెబితే నమ్ముతారు. ఏదో ఒక వైరు పీకెయ్యి."

మెకానిక్ అవుననీ కాదనీ తేలకుండా తలూపాడు.

పని మొదలైన మర్నాటి నుంచే పెద్దాయన షెడ్డుకి హాజరు. మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి, పాత టైరు మీద చతికిలబడేవాడు. తుప్పు గీకుతుంటే, "నెమ్మది నాయనా, దానికి అక్కడ చక్కిలిగింతలు," అనేవాడు. చక్రాలు ఊడదీసి దిమ్మల మీద నిలబెట్టిన కారులోకి ఎక్కి కూర్చుని, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ, "పక్కకి తప్పుకో, బస్సొస్తోంది," అని మెకానిక్‌ని హెచ్చరించేవాడు.

రంగు ఎంచుకునే రోజు వచ్చింది. పెద్దాయన నమూనా ముక్కలు ఒక్కొక్కటే ముక్కుకి ఆనించుకుని చూశాడు. చివరికి ఆకుపచ్చదాన్ని పైకెత్తి, "ఇదే. మన నీలం ఇదే," అన్నాడు. మెకానిక్ దాని పక్కనున్న నీలాన్ని తీసి విడిగా పెట్టుకున్నాడు.

"మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి దీంట్లోనే ఇంటికి తెచ్చాను," అన్నాడు పెద్దాయన ఆవేళే. "ఎంత మెల్లగా నడిపానంటే, కర్ర పట్టుకుని నడుస్తున్న ఒక ముసలావిడ మమ్మల్ని దాటిపోతూ, 'బండి చెడిపోయిందా నాయనా' అని అడిగింది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వడం అయిపోయాక మెకానిక్ మాత్రం తల వంచుకుని పనిలో పడ్డాడు. ఈ మనిషి మొహం చూసి, మీ కారు ఇక నడవదని ఎలా చెప్పడం?

అప్పగించాల్సిన రోజు పొద్దున తాళం తిప్పి చూశాడు. ఒక్క సెల్ఫ్‌కే ఇంజన్ అందుకుంది. ఎక్కడా దగ్గు లేదు, ఆయాసం లేదు. ఆపేసి, పీకాల్సిన వైరు మీద చెయ్యి వేశాడు. పీకకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రం తండ్రీకూతుళ్లు వచ్చారు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, ఫోటో దిగడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. తెరిచి ఉన్న బానెట్ ముందు నిలబడి లోపలివన్నీ ఆప్యాయంగా వేళ్లతో తడిమి చూసుకుంటుంటే, మెకానిక్ ఆమెని గేటు దగ్గరికి పిలిచాడు.

"నావల్ల కాలేదక్కా. కారు గుర్రంలా నడుస్తోంది. చెప్పాల్సింది మీరే చెప్పండి. అబద్ధమాడి అంత పెద్దమనిషిని పసివాణ్ణి చెయ్యడానికి నాకు మనసొప్పలేదు."

ఆమెకి ముందు కోపమొచ్చింది. ఆ కోపం నిలబడలేదు. కొంగుతో కళ్లొత్తుకుని, "సరే, నేనే చెబుతాను," అని కారు వైపు నడిచింది.

అప్పటికే పెద్దాయన బానెట్ మూసేసి స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, మీతో ఒక మాట..."

"ఉండమ్మా. ముందు దీని గొంతు విననీ," అంటూ తాళం తిప్పాడు.

సెల్ఫ్ తిరిగింది. ఇంజన్ అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. ఊహూ. మూడోసారి కూడా అంతే.

ఆమె అయోమయంగా మెకానిక్ వైపు చూసింది. అతను ఆమె కన్నా అయోమయంగా ఉన్నాడు. "పొద్దున నడిచిందక్కా, ఒట్టు," అని గొణుగుతూ వెళ్లి బానెట్ ఎత్తాడు. పెద్దాయన కూడా దిగొచ్చి అతని పక్కనే వంగాడు.

వైర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. డిస్ట్రిబ్యూటర్ మూత మాత్రం కాస్త వంకరగా కూర్చుని ఉంది. తీసి చూస్తే, లోపల ఉండాల్సిన రోటర్ లేదు. బొటనవేలంత ముక్క. అది లేకపోతే ఇంజన్‌కి నిప్పందదు. దాన్ని బిగించింది తనే.

అతను తలెత్తేలోపే, అతని చొక్కా జేబులో చిన్న బరువేదో జారిపడింది. పెద్దాయన వేళ్ల నిండా నల్లటి మసి.

"నన్ను వద్దనలేక పిల్ల లోలోపల నలిగిపోతోంది," అన్నాడు పెద్దాయన, బానెట్ చాటున, కూతురికి వినపడనంత మెల్లగా. "నాకై నేను మానేస్తానంటే, తనకోసమే మానేశానని ఏడుస్తుంది. ఇక ఇది బాగవదని నువ్వే చెప్పెయ్యి నాయనా."