యాష్ చెట్టుకు దిష్టి

"ఏవండీ, ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు."

కర్టెన్ కొంచెం పక్కకు జరిపి చెప్పింది విద్యావతి.

సుబ్బరాజు పేపర్లోంచి తలెత్తలేదు. "చూడనీ. చూస్తే అరిగిపోతుందా?"

"ఆ చూపు చూడండి. రెప్ప కూడా వెయ్యడు!"

డిసెంబరులో ఎండలు, జూలైలో చలి ఉండే టూంగాబీలో వాళ్ళ ఇంటి ముందు, నడుమెత్తు కంచె పక్కన, బల్ల మీద ఉంటుంది ఆ మరుగుజ్జు యాష్ చెట్టు.

1989 జూలైలో వాగు గట్టు శుభ్రం చేస్తూ కౌన్సిల్ వాళ్ళు నరికేసిన మోడు అది. సుబ్బరాజు వేళ్ళతో సహా తవ్వి తెచ్చి, లైబ్రరీ నుంచి బోన్సాయ్ పుస్తకాలు తెచ్చి ముందు పెట్టుకుని, పళ్ళెంలాంటి కుండీలో నాటాడు.

"ఈ కట్టెముక్కను పెంచుతారా?" అని అప్పట్లో గొణిగింది విద్యావతే. సెప్టెంబరులో తొలి చిగురు కనపడగానే దానికి 'బుజ్జోడు' అని పేరు పెట్టింది. డిసెంబరులో ఆరు వారాలు ఇండియా వెళ్తూ, పక్క వీధి లీలకు వందసార్లు చెప్పింది.

"రోజూ నీళ్ళు పొయ్యాలి లీలా. ఒక్క పూట మానేసినా మాడిపోతాడు."

తిరిగొచ్చేసరికి బుజ్జోడు పచ్చగా కళకళలాడుతున్నాడు. విద్యావతికి కళ్ళనీళ్ళు ఆగలేదు. లీల చేతిలో వెంకటగిరి చీర పెట్టింది.

అప్పటినుంచే ఈ ముసలాయన. చేతికర్ర పట్టుకుని రోజూ వస్తాడు. కంచె మీదుగా వంగి, మట్టిలో వేలు పెడతాడు. ఆకులు నిమురుతాడు. కదలకుండా నిలబడతాడు.

విద్యావతి కుండీకి కాటుక చుక్క పెట్టింది.

మే నెలలో ఆకులన్నీ రాలిపోయాయి.

"దిష్టి తగిలింది!"

"చలికాలం కదే. వీధిలో యాష్ చెట్లన్నీ అలాగే ఉన్నాయి. బయటే ఉంచాలని పుస్తకంలో కూడా..."

"ఆ పుస్తకం రాసినవాడికి ఈ ముసలాడు తెలుసా?"

సుబ్బరాజు పేపర్ మడిచి లేచాడు. కుండీని తనే మోసుకెళ్ళి హాల్లో, హీటర్ పక్కన పెట్టాడు.

మర్నాడు బెల్ మోగింది. ముసలాయన.

"బల్ల ఖాళీగా ఉందమ్మా. చెట్టు లోపలుందా? బయట పెట్టు. దానికి చలి కావాలి. చలిలోనే నిద్రపోతుంది."

ఆమె భుజం మీదుగా లోపలికి అదే చూపు, రెప్ప వెయ్యకుండా.

"థాంక్యూ," అని తలుపు వేసేసింది విద్యావతి.

జూన్ చివర్లో బుజ్జోడు చిగురించాడు. విద్యావతి సంబరం ఇంతా అంతా కాదు. "చూశారా, ఆ కళ్ళు తప్పించేసరికి!"

ఆ చిగుళ్ళు తెల్లగా, బలం లేకుండా సాగాయి. జూలై దాటేలోగా వేలాడిపోయాయి. ఆగస్టులో సుబ్బరాజు గోటితో బెరడు గీరి చూశాడు. లోపల ఎక్కడా పచ్చదనం లేదు.

విద్యావతి రెండు రోజులు అన్నం తినలేదు.

సెప్టెంబరులో లీల వచ్చింది. హీటర్ పక్కన ఎండిన చెట్టును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అంతా ఆ ముసలాడి కళ్ళే లీలా. కొట్టి పారేశాయి."

"ఆయన్నేమీ అనకక్కా. పోయిన నెలే పోయారు."

విద్యావతి ఉలిక్కిపడింది. "నీకెలా తెలుసు?"

లీల బ్యాగులోంచి వెంకటగిరి చీర తీసి టేబుల్ మీద పెట్టింది. మడత కూడా విప్పలేదు.

"మీరు వెళ్ళిన మర్నాడే మా పాపకు జ్వరం వచ్చింది. బుజ్జోడి సంగతే మర్చిపోయాను. మూడు వారాల తర్వాత గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చాను. నలభై డిగ్రీల ఎండ. ఈయన కంచె అవతల నిలబడి సీసాతో నీళ్ళు పోస్తున్నారు. మొదటి రోజునుంచీ ఆయనేనట."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పొద్దన్నారు. 'తెలిస్తే ఇంకెప్పుడు ఊరెళ్ళినా ఆ అమ్మాయికి మనసు ఇక్కడే ఉంటుంది' అన్నారు."

విద్యావతి కుండీ మీది కాటుక చుక్కకేసి చూస్తూ ఉండిపోయింది.

లీల కళ్ళు తుడుచుకుంది.

"రోజూ వచ్చి మట్టి తడిమి చూసేది అందుకే అక్కా, నాలుగేళ్ళ కిందటే ఆయనకు రెండు కళ్ళూ పోయాయట."