అటక మీద ఎలుక

ఓడెల్ ట్రస్కాట్ లైసెన్సు ఊడటానికి ఒక చచ్చిన ఎలుక చాలు.

టెక్సాస్‌లో జనం ఇల్లు కొనేముందు లైసెన్సున్న ఇన్‌స్పెక్టరుని పిలుస్తారు. అతను అటకెక్కి అంతా చూడాలి, ఫోటో తీసి రిపోర్టులో పెట్టాలి. ఓడెల్‌కి మోకాళ్ల నొప్పులు. పదకొండేళ్ల కిందట ఒక అటక ఎక్కాడు, ఒక ఫోటో తీశాడు. మూడు జిల్లాల్లో ప్రతి ఇంటికీ అదే ఫోటో అంటించాడు. ఆ ఫోటోలో ఓ మూలనున్న ఎలుక పదకొండేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి చస్తూనే ఉంది.

మార్లా ఫెంటన్ పట్టేసింది. తన రిపోర్టులో ఎలుక. పక్కింటివాళ్ల రిపోర్టులోనూ అదే ఎలుక, అదే తోక వంపు. లైసెన్సులిచ్చే బోర్డుకి ఫిర్యాదు రాసింది. విచారణ ఇవాళ పొద్దున తొమ్మిదింటికి.

"ఇంకేం రాసింది?" బోర్డు ఆఫీసు వరండాలో ఓడెల్ తన లాయర్ని అడిగాడు.

"చలి మొదలైన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదికీ తలనొప్పట. కుక్కేమో ఇంట్లో పడుకోనంటోందట."

"కుక్క అలిగితే కూడా నేనే బతిమాలాలా?"

"నవ్వకు. ఆ రెండు రిపోర్టులూ పట్టుకుని ఆవిడ లోపలికొచ్చిందంటే నీ పని అయిపోయినట్టే. నిన్న సాయంత్రం ఫోన్ చేసి మరీ చెప్పింది, మొగుణ్ణీ పిల్లల్నీ వెంటేసుకొస్తానని."

రాత్రినుంచీ ఉత్తరపు గాలి కొడుతోంది. కార్ల అద్దాల మీద మంచు బిగిసింది. ఓడెల్‌కి మాత్రం చొక్కా తడిసిపోయింది.

తొమ్మిదైంది. గుమస్తా వర్నా తలుపు తీసి పిలిచింది.

"మార్లా ఫెంటన్."

పలుకు లేదు. కార్లు ఆపే చోటికెళ్లి పిలిచింది. మూడోసారి కాఫీ మెషీన్ వైపు తిరిగి పిలిచింది. అదీ పలకలేదు.

నిబంధన ప్రకారం పదిహేను నిమిషాలు ఆగాలి. ఛైర్మన్ గ్రేడీ ధర్మాత్ముడు, పదహారు ఆగాడు.

"ఫిర్యాదు చేసిన మనిషే రాకపోతే మేం ఎలుకని సాక్ష్యం అడగలేం కదండీ. కొట్టేస్తున్నాం. మీ లైసెన్సు మీదే. వెళ్లిరండి ట్రస్కాట్ గారూ."

బయటికొచ్చాక లాయరు ఓడెల్ వీపు చరిచాడు. "జడుసుకుందోయ్. పద, టిఫిన్‌కి బిస్కెట్లూ గ్రేవీ తినిపించు."

"పాపం, తలనొప్పి తగ్గిపోయుంటుంది," అన్నాడు ఓడెల్, టోపీ పెట్టుకుంటూ.

మార్లా ఇంట్లో ఇస్త్రీ బట్టలూ, వాటి మీద రెండు రిపోర్టులూ కుర్చీలో సిద్ధంగానే ఉన్నాయి, అటక మీద ఎప్పుడో ఊడిపోయిన పొగగొట్టంతోనే గ్యాసు హీటరు రాత్రంతా ఆడి పొగంతా ఇంట్లోకే వదిలింది, ఆరింటికి మోగిన అలారం ఆపడానికి నలుగురిలో ఒక్కరూ లేవలేదు.