తలుపు మీది ఇరవై నాలుగు అంకెలు

ఆదివారం ఉదయం పది గంటలకు అక్క తమ్ముడి దుకాణానికి వచ్చి, ఇనప్పెట్టె తలుపు మీది సంఖ్యను ఫోన్‌తో ఫోటో తీసుకుంది.

“ఎందుకది?” అన్నాడు తమ్ముడు. చేతిలో ఆకురాయి అలాగే ఉంది.

“చూసుకోవడానికి.”

“ఇన్నాళ్లూ లేని ముచ్చట ఇప్పుడెక్కడ పుట్టుకొచ్చింది?”

ఆమె ఫోన్ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఇద్దరిదీ తాళాల పనే, తండ్రి నేర్పిన పని. ఆయన పోయాక అక్క పక్క వీధిలో వేరే దుకాణం పెట్టుకుంది. ఆయన చేసిన తాళంచెవుల నమూనాలన్నీ మాత్రం ఈ పెట్టెలోనే ఉండిపోయాయి. అవి ఎవరి చేతికొస్తే ఊళ్లో పాత తాళాలన్నీ వాళ్ల దగ్గరికే వస్తాయి. రెండో దుకాణం మూసుకోవాల్సిందే.

పెట్టెకు అంకెల చక్రాలు రెండు, రెండూ సరిగ్గా తిప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. ఎడమది తమ్ముడిది, కుడిది అక్కది. తండ్రికి లెక్కల పిచ్చి. పోయేముందు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, చెవిలో పన్నెండు అంకెల ప్రధాన సంఖ్య చెప్పాడు. ఆ రెంటినీ గుణిస్తే వచ్చే ఇరవై నాలుగు అంకెల సంఖ్యను తలుపు మీద చెక్కాడు.

“ప్రధాన సంఖ్య మొండిఘటంరా. ఒకటికీ, తనకూ తప్ప ఎవరికీ లొంగదు. అచ్చం మీలాగే,” అన్నాడు ఇద్దరినీ ఎదుట కూర్చోబెట్టి. “ఎవరిది వాళ్లు దాచుకోండి. కలిసి తెరవండి.”

దాచుకోవడం వరకు ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు.

సాయంత్రం తాళం బాగుచేయించుకోవడానికి లెక్కల టీచరమ్మ వచ్చింది.

“ఒక పెద్ద సంఖ్య రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం అనుకోండమ్మా. దాన్ని చూసి ఆ రెండూ పట్టుకోగలరా?”

“చేత్తో అయితే ఈ జన్మ చాలదు. కంప్యూటర్‌కైతే చిటికెలో పని. ఏదీ, చూపించండి.”

అతను పెట్టె తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. “ఊరికే అడిగాను.”

“ఒకటి ముందే తెలిసుంటే కంప్యూటరూ అక్కర్లేదు. పెద్దదాన్ని దాంతో భాగిస్తే రెండోది చేతికొస్తుంది. బడిపిల్లలు చేసే లెక్కే.”

అక్క ఫోటో ఎందుకు తీసిందో అతనికి అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

“ఒరేయ్, నా సంఖ్య చెప్పనా?”

“నీది ఎర వేసి నాది లాగుదామనా?”

“నీది నాకెందుకురా!” ఆమె నవ్వింది. “భాగహారం గుర్తుందా, నాన్నతో పాటే పోయిందా?”

అతను ఫోన్ పెట్టేశాడు. ‘నాకెందుకు’ అన్నదంటే, అప్పటికే పట్టేసిందన్నమాట. ఇక ఆలస్యం చేస్తే పెట్టె ఖాళీ. తనే ముందు తెరవాలి.

షట్టర్ సగం దించాడు. ఫోన్‌లో లెక్క చేయడానికి మనసొప్పలేదు. ఆ ఫోన్ కొనిచ్చింది అక్కే. సుద్దముక్క తీసుకుని, పనిబల్లకు పరిచిన ఇనప రేకు మీద భాగహారం మొదలుపెట్టాడు.

పెద్ద సంఖ్య చివర తొమ్మిది. తన సంఖ్య చివర ఏడు. ఏడును దేంతో గుణిస్తే చివర తొమ్మిది వస్తుంది? ఏడుతోనే. అక్కదీ ఏడుతోనే ముగుస్తుందన్నమాట. ఒక్క కడుపున పుట్టాక ఆ మాత్రం పోలిక ఉండదా అనుకున్నాడు.

శేషం తేలేదాకా భాగఫలం చదవకూడదని తండ్రి నేర్పాడు. చదివితే చెయ్యి తొందరపడుతుందనేవాడు. అందుకే ఒక్కో అంకె వేసి, దాని మీదికి గుడ్డ జరుపుకుంటూ పోయాడు.

సగంలో ఉండగా షట్టర్ కింద అక్క చెప్పులు కనిపించాయి.

“లోపల ఏం చేస్తున్నావురా?”

“పని.”

“కానీయ్. నేనిక్కడే కూర్చుంటా.”

కాపలా! అతను సుద్దముక్క గట్టిగా పట్టుకున్నాడు. తీసివేతలో ఒకచోట తప్పాడు. చెరిపి మళ్లీ చేశాడు.

శేషం సున్నా వచ్చింది.

గుడ్డ తీసి పన్నెండు అంకెలూ చదివాడు.

అక్క సంఖ్యా తన సంఖ్యా ఒకటే.