సముద్రం అవతలి కవి

తెలంగాణ ఉద్యమం వేడెక్కి, సభలకు అనుమతులు ఆగిపోయిన రోజులు. కోరుట్లలో నలుగురు కవులు కూడితే కేసే. అందుకే సర్కారు బడిపంతులు జలపతి ఉపాయం పన్నాడు. సముద్రం అవతల ఏదో దేశంలో జైలుపాలైన కవికి సంఘీభావ సభ అన్నాడు. దానికి అనుమతి చిటికెలో వచ్చింది.

అలాంటి కవి ఎక్కడా లేడు. పాటలన్నీ జలపతివే. బయటపడితే ముందు లాకప్పు, ఆ తర్వాత కొలువుకు నీళ్లొదులుకోవడమే.

బీడీ కార్మికుల సంఘం గది నిండింది. అనువాదమని చెప్పి జలపతి గొంతెత్తాడు.

"తంగేడు పూసిన నేల మాది, తాళంచెవులు మీ చేతులల్లనా?"

చప్పట్లు మోగాయి. వెనక బెంచీ మీద బందోబస్తుకొచ్చిన హెడ్ కానిస్టేబుల్ దావీదు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అందరూ మెట్లు దిగిపోయినా లేవలేదు.

"సార్, గా దేశంల గూడ తంగేడు పూస్తదా?"

జలపతి పాటల కాగితాలు సర్దుతూ తలెత్తాడు. "గసొంటిదే ఒకటి పూస్తది, జమేదార్ సాబ్."

"మంచిగున్నది. మరి గాడున్న మన రాయబారి ఏమన్నడు?"

"తీవ్ర ఆందోళన తెలిపిండు."

"ఆందోళనా? గాయన గూడ టెంటేసుకొని కూసున్నడా?"

జలపతి నవ్వబోయి ఆగాడు. దావీదు నవ్వడం లేదు. దగ్గరికొచ్చి, బల్ల మీది మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు.

"తాగుండ్రి. చెమటలు కారుతున్నయి."

జలపతి గటగటా తాగాడు.

"ఇంకొక్క మాట. గాడ సర్కారు నౌకరి చేసెటోడు పాట రాస్తే నౌకరి పీకుతరా?"

తన సంగతి తెలిసిపోయిందనుకున్నాడు జలపతి. "పీకుతరు కావచ్చు."

"పెండ్లాం పిల్లల గతేంది మరి?"

జలపతి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గదే పాట పేరు చెప్పకుంట పాడితే?"

"గప్పుడు ఎవల్ని పట్టుకుంటరు సాబ్?" అన్నాడు జలపతి.

దావీదు వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. జలపతి కిటికీ వైపు చూశాడు.

దావీదు టోపీ తీసి చంకలో పెట్టుకుని, "గా దేశంల పోలీసు నౌకరి చేసే కవి గూడ ఒకడున్నడు సార్, గాయన పాట గిట్లుంటది" అంటూ సిగ్గుపడుతూ సన్నగా రాగం ఎత్తుకున్నాడు.