చెప్పని పేరు

శవం ఇంకా ఇంట్లోనే ఉంది. గుమ్మం దగ్గర ఒక బక్కపలచని మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

జలీలా గుర్తుపట్టింది. బిజెర్త్‌లో మోన్సెఫ్‌ను ఎరగనివాళ్ళు లేరు. మగవాణ్ణి ప్రేమించిన నేరానికి మూడేళ్ళు జైల్లో ఉండొచ్చాడు. వచ్చాక ఆ జైలు మీదే నాటకాలు రాశాడు. ఆడనిచ్చిన చోట ఆడించాడు. ఆడనివ్వని చోట కాఫీ కొట్టు వెనక కూర్చుని నలుగురికి చదివి వినిపించాడు.

“ఎందుకొచ్చావు?”

“లస్సాద్‌ను ఒక్కసారి చూసి వెళ్ళిపోతానమ్మా.”

“మా అన్న బడిపంతులు. నువ్వెదురైతే పక్క వీధిలోకి తిరిగిపోయేవాడు.”

“అవును. తిరిగిపోయేవాడు.”

“మరి ఏ మొహం పెట్టుకుని వచ్చావు?”

అతను లోపల ఖురాన్ చదువుతున్న గొంతును కాసేపు విన్నాడు.

“జనం చూస్తున్నారు. మా పరువు తియ్యకు.”

“తియ్యను,” అని వెళ్ళిపోయాడు.

ఖబరస్తాన్ దగ్గర కూడా గోడ బయటే నిలబడ్డాడట. ఎవరో చెబితే, “సిగ్గులేని మనిషి,” అంది జలీలా.

ఏడాది తిరిగింది. ఆమె కూతురు ఎమ్నాకు ట్యూనిస్‌లో ఏదో నాటకంలో చిన్న వేషం దొరికింది. చూడ్డానికి జలీలా వెళ్ళింది.

మొదలుపెట్టే ముందు ఒకాయన వేదిక మీదికొచ్చాడు.

“ఇది రాసిన మోన్సెఫ్ పోయిన నెల ఆసుపత్రిలో కన్నుమూశాడు. అయినవాళ్ళెవరూ రాలేదు. మేమే మట్టిచ్చాం.”

జలీలా లేవబోయింది. వరుస మధ్యలో కూర్చుంది, బయటికి దారి లేదు.

తెర లేచింది. జైలు గది. ముసలి దొంగ కొత్త ఖైదీని ఆటపట్టిస్తున్నాడు.

“ఈ నేరానికి ఇద్దరుండాలి కదరా. రెండోవాడేడీ?”

“కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకేశాడు.”

“వాడి పేరు చెబితే వదిలేస్తామన్నారటగా?”

“అన్నారు. కొట్టారు కూడా.”

“చెప్పి చావకపోయావా. పెళ్ళామా, పిల్లలా వాడికి?”

జనం నవ్వారు. కొత్త ఖైదీ నవ్వలేదు.

“తండ్రి లేని చెల్లెలుంది. రేపే దాని నిఖా. ఇవాళ ఆ గడపలోకి పోలీసులొస్తే పెళ్ళివాళ్ళు వెనక్కి పోతారు.”

జలీలా వేళ్ళు ఒళ్ళోని సంచిని గట్టిగా పట్టుకున్నాయి.

తన పెళ్ళికి ముందు సాయంత్రం ఆడవాళ్ళు గోరింటాకు పెడుతున్నారు. లస్సాద్ అరచేతికి గుడ్డ చుట్టుకుని వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. “గాజు గుచ్చుకుందిలే,” అన్నాడు. తరవాత ఎవరు ఊరడించినా ఆగకుండా ఏడ్చాడు.

ఆ ఏడుపు తన కోసమేననుకుని ఇన్నేళ్ళూ మురిసిపోయింది జలీలా.