క్యాంపు భోజనం

"ముందు భోంచేయండి సార్. ఆఫీసు మాటలు ఎక్కడికీ పోవు" అంటూ బ్రాంచి మేనేజరు ఇంకో చేప ముక్క వడ్డించాడు.

హెడ్డాఫీసు నుంచి క్యాంపుకొచ్చిన పెద్ద సారుకు ముద్ద దిగడం లేదు. నెలాఖరుకు ఈ బ్రాంచి మూసేస్తున్నారు. ఆ సంగతి చెప్పడానికే వచ్చాడు. పొద్దుటి నుంచీ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది.

రెస్టారెంటు మూలన చిన్న వేదిక మీద ఒకావిడ గిటారు వాయిస్తూ పాడుతోంది. తింటున్నవాళ్ళెవరూ వినడం లేదు. పెద్ద సారు అటు తిరిగాడు.

"గొంతు బాగుందయ్యా."

"మన అకౌంట్సు అమ్మాయే సార్. గుర్తుపట్టలేదా? పోయినేడు మీరొచ్చి వెళ్ళాక తీసేశారుగా."

చప్పట్లు కొట్టబోయిన చేతులు ఒళ్ళోకి దిగిపోయాయి. వేదిక మీది అమ్మాయి ఆయన్ని చూసింది. అందరు అతిథులకూ చేసినట్టే నవ్వుతూ తలవంచి, ఇంకో పాట అందుకుంది.

"కావాలనే తీసుకొచ్చావా?"

"అయ్యో, లేదు సార్. ఊళ్ళో మంచి భోజనం ఇక్కడే." మేనేజరు ఆయన గ్లాసులో నీళ్ళు నింపాడు. "ఈసారి మా అందరి వంతూ వచ్చిందని తెలుసు. అంతేగా సార్?"

పెద్ద సారు తలెత్తకుండానే ఊపాడు.

మేనేజరు కాసేపు పాట విన్నాడు.

"ఆ అమ్మాయికి ఇదన్నా వచ్చు. నాకు పాట కూడా రాదు సార్."